అరపావు మైలు మొనగాళ్లు

మా తాండూరులో పికప్ అంటే రెండు. ఒకటి, వెనక తొట్టి ఉన్న బండి. రెండోది, ఆ బండికి ఉండాల్సిన ఊపు. "బొలెరో పికప్ కొన్నడు గని దానికి పికప్ లేదన్నా" అని ఒకే ఊపిరిలో రెండూ వాడేస్తాం. అమెరికావాళ్లు ఈ రెంటినీ కలిపి కరెంటు పికప్ చేశారు.

టెస్లా సైబర్‌ట్రక్‌లో పెద్దదానికి 845 గుర్రాల బలం. నిలబడ్డచోటి నుంచి గంటకు 96 కిలోమీటర్ల వేగానికి 2.6 సెకన్లట. కరెంటు మోటారుకు గేర్ల బెడద లేదు, తొక్కీ తొక్కగానే బలమంతా చక్రానికి వచ్చేస్తుంది. కాకపోతే ఆ 2.6 లెక్కలో బండి కదిలిన మొదటి అడుగును కలపలేదు. మా మార్కెట్ యార్డులో దీన్ని తరుగు అంటారు.

2023 నవంబర్ 30న కంపెనీ వేదిక మీద ఒక వీడియో వేసింది. సైబర్‌ట్రక్ ఒక పోర్షా 911ను ట్రైలర్ మీద లాక్కుపోతూ మరో పోర్షా 911ను ఓడించింది. పావు మైలు పందెం అన్నారు. తీరా లెక్క తీస్తే అది అరపావు మైలే, 200 మీటర్లు. పావు చెప్పి అరపావు తూచే విద్య మా దుకాణాలకూ కొత్త కాదు గానీ, పాపం, మావాళ్లెవరూ వేదికెక్కి చప్పట్ల మధ్య తూచలేదు.

ఇక హమ్మర్ ఈవీ. వెయ్యి గుర్రాలు. బండి బరువు నాలుగు టన్నుల పైమాట. అందులో బ్యాటరీ ఒక్కటే సుమారు 1,300 కిలోలు, అంటే 13 క్వింటాళ్ల కందులు. మరి మనుషులతో కలిపి అది మోసే బరువెంత? 600 కిలోల లోపు! మా కందికి జీఐ గుర్తింపు వచ్చిన 2022లోనే వచ్చిన టాటా ఏస్ ఈవీ కూడా 600 కిలోలు మోస్తుంది. దాని గుర్రాలు 36. మిగతా 964 గుర్రాలు అక్కడ బ్యాటరీని ఊరేగిస్తున్నాయి.

రేసుల రుచి మాకూ తెలుసు. 2023 ఆగస్టు 15న కుర్రాళ్లు అనంతగిరి అడవిలోకి కార్లు తోలి స్వాతంత్య్రం జరుపుకున్నారు. అడవి కాబట్టి సరిపోయింది. తాండూరు నుంచి వికారాబాద్ రోడ్డెక్కితే 2.6 సెకన్లు నిండేలోగా ముందు నాపరాళ్ల లారీ, దాని ముందు సిమెంటు ట్యాంకర్, ఆ ముందు రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తున్న బర్రె.

యార్డు దగ్గర బస్తాలు ఎక్కిస్తున్న డ్రైవరన్నకు ఆ పోర్షా వీడియో చూపించాను. రెండుసార్లు చూశాడు.

"మంచిగనే గుంజుతుంది సార్. గని గా ఎనక కారును ఏడ దించినరు? హమాలీ ఎంతయింది?"