తలల్లేని అగ్గిపుల్లలు

బట్టీ పట్టించొద్దు, పిల్లలు చేసి చూసి నేర్చుకోవాలి అని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. మా అమ్మాయి చదివే స్కూలు ఆ మాటను వెంటనే అమల్లో పెట్టింది. ఫీజు రసీదులో ‘యాక్టివిటీ’ అని కొత్త గడి వెలిసింది. ఆ గడిలోని అంకె చూశాక, లెక్కలంటే భయం పిల్లల్ని వదిలి తల్లిదండ్రులకు పట్టుకుంది.

డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. ఆ రోజుకి ప్రాజెక్టు తెమ్మన్నారు. లెక్క చిక్కుముడి విప్పడమెలాగో జార్జ్ పోల్యా అనే గణితజ్ఞుడు 1945లోనే ‘హౌ టు సాల్వ్ ఇట్’ అని పుస్తకం రాశాడు. అందులో నాలుగే మెట్లు. సమస్యను అర్థం చేసుకో, ఉపాయం ఆలోచించు, అమలు చెయ్యి, వెనక్కి తిరిగి చూసుకో. మేం ఆ నాలుగూ ఒక్క రాత్రిలో ఎక్కేశాం. తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపు చూస్తే సమస్య అర్థమైంది: రేపే ఆఖరు. ఉపాయం, సగం షట్టరు దించేసిన స్టేషనరీ షాపు. అమలు, మా ఆవిడ. పన్నెండింటికి వెనక్కి తిరిగి చూసుకుంటే అమ్మాయి నిద్రపోతోంది.

నిద్రపోయే ముందు మాత్రం ఒక మాట అడిగింది. భిన్నాల కోసం థర్మోకోల్ చక్రం కోస్తున్నాం. “నాన్నా, గుండ్రటిదాన్ని సరిగ్గా మూడు ముక్కలు ఎలా చేస్తారు?” అంది. “టైం లేదమ్మా, నాలుగు చేసేద్దాం” అన్నాను. ఆ రాత్రి మా ఇంట్లో పుట్టిన అసలైన లెక్క అదొక్కటే. పురిట్లోనే దాని గొంతు నొక్కేశాను. ప్రాజెక్టుకి మాత్రం ఏ ప్లస్ వచ్చింది. మా ఆవిడకి గర్వంగానే ఉంది.

లెక్కల్ని ఇష్టంగా నేర్పాలన్న ఆలోచన కొత్తదేం కాదు. పావులూరి మల్లన అనే కవి వందల ఏళ్ల కిందటే, మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పాపం, ఆయన కాలానికి థర్మోకోల్ లేదు.

మర్నాడు క్లాసులో యాక్టివిటీ చూడ్డానికి మమ్మల్నీ పిలిచారు. పిల్లల కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్నాం. ఒక్కో జట్టుకి ఒక్కో డబ్బా అగ్గిపుల్లలు పంచారు. జాగ్రత్త కోసం ముందే తలలన్నీ గిల్లేశారట. నలుచదరపు గడులు వరసగా పేర్చాలి. ఒక గడికి నాలుగు పుల్లలు, రెండిటికి ఏడు, మూడిటికి పది. మరి పది గడులకి ఎన్ని? నాకే ఉత్సాహం పుట్టింది. ఈలోగా మేడమ్ బోర్డు మీద సూత్రం రాసేశారు: గడుల్ని మూడుతో హెచ్చవేసి ఒకటి కలపాలి. “అందరూ నోట్ చేసుకున్నారా? ఇప్పుడు కనిపెట్టండి” అన్నారు.

ఆవిడని అనుకుని లాభం లేదు. ఉన్నది నలభై నిమిషాలు. అందులోనే కనిపెట్టడం, ఆశ్చర్యపోవడం, ఆ ఆశ్చర్యాన్ని ఫొటో తీసి అప్‌లోడ్ చెయ్యడం, అన్నీ అయిపోవాలి.

చివరి బెంచీ కుర్రాడొకడు సూత్రం రాసుకోలేదు. పుల్లల వంకే కాసేపు చూసి చెయ్యెత్తాడు. “మేడమ్, ఇంటికి నాలుగు గోడలు. పది ఇళ్లకి నలభై. కానీ ఇళ్లు ఆనుకుని ఉన్నాయిగా, మధ్య గోడ ఇద్దరిదీ. అలాంటి తొమ్మిది గోడల్ని రెండేసిసార్లు లెక్కేశాం. అవి తీసేస్తే ముప్పై ఒకటి.”

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మేడమ్ బోర్డు వైపు చూశారు, గడియారం వైపు చూశారు. “ఆన్సర్ కరెక్టే నాన్నా. కానీ మన మెథడ్ అది కాదు. ముందు సూత్రం రాసుకో” అన్నారు. వాడు బుద్ధిగా రాసుకున్నాడు. అప్పుడే ఫొటో క్లిక్కుమంది. అందులో వాడు దీక్షగా ఆలోచిస్తున్నట్టే పడ్డాడు.

సాయంత్రం అమ్మాయి వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చుకుని నేల మీద త్రికోణాలు పేర్చడం మొదలెట్టింది. ఒకదానికి మూడు, పక్కన ఇంకోటి ఆనిస్తే ఐదు, మూడోది చేరిస్తే ఏడు. అక్కడ ఆగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. రెండుతో హెచ్చవేసి ఒకటి కలపమ్మా అని చెప్పడానికి నా నాలుక దురద పెట్టింది. పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అమ్మ కనిపెట్టేసింది. “నువ్వు ఊరుకోరా, దాన్ని చూసుకోనీ” అంది.

ఊరుకున్నాను. ఫోనెక్కడుందా అని మాత్రం వెతికాను.

పిల్ల ఒక పుల్ల తీసి కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. “నానమ్మా, వీటికి తలలున్నాయేంటి?”

“తల లేకపోతే అగ్గిపుల్లెలా అవుతుందే పిచ్చిదానా, ఉత్తి పుల్లవుతుంది.”