ఒంటిపూట పెత్తనం

మార్చి నడిమికి వచ్చేసరికి తెలుగునాట బడులు ఒంటిపూటకు మారతాయి. పొద్దున్న 8 గంటలకల్లా గంట కొట్టి, మధ్యాహ్నం 12.30కి పిల్లల్ని వదిలేస్తారు. సర్కారు బడి పిల్లలు మధ్యాహ్న భోజనం అక్కడే కానిచ్చి వస్తారు. ప్రైవేటు బడి పిల్లలు ఆకలితో వస్తారు. తేడా అంతే. పిల్లలకు ఎండదెబ్బ తగలకూడదని చేసిన ఏర్పాటు ఇది, బాగానే ఉంది. అప్పట్నుంచి పొద్దువాలేదాకా పిల్లల దెబ్బ ఎవరికి తగలాలన్నది మాత్రం ఆ ఉత్తర్వులో ఉండదు.

ఎవరూ రాయకపోయినా ఆ భారం నెత్తినేసుకునే మనిషి నలుగురు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆవిడకు ఎనిమిదేళ్లు. మూడో తరగతి. కొత్తగా మొలిచిన ముందుపళ్లు రెండూ ముఖానికి కాస్త పెద్దవయ్యాయి, అధికారానికి మాత్రం సరిగ్గా సరిపోయాయి. బడిసంచీ గోడవార పడేసీ పడేయగానే అమ్మ చున్నీ ఒకటి పైటలా చుట్టుకుని, ఏ తాళానికీ పట్టని తాళంచెవి ఒకటి బొడ్లో దోపుకుంటుంది. అదిగో, ఇంటి పెద్దపిల్ల విధుల్లో చేరినట్టు.

ఆవిడ మాట వినాలి మీరు. సొంత మాట ఒక్కటీ ఉండదు. అన్నీ వాళ్లమ్మవే, రాగంతో సహా. "ఇది ఇల్లా, సంతా?" "మీకెన్నిసార్లు చెప్పాలి?" "ఈ ఇంట్లో అన్నిటికీ నేనొక్కదాన్నే చావాలి." మరీ కోపమొస్తే ఆరేళ్ల సొంత తమ్ముణ్ణి పట్టుకుని, "మీ నాన్నని రానీ, చెప్తాను నీ సంగతి!" అంటుంది, ఆ నాన్నతో తనకేమీ చుట్టరికం లేనట్టు. వాడూ బెదిరిపోతాడు.

ఆవిడ ఏలుబడిలో ప్రజలెవరంటే, ఈ తమ్ముడు, బాబాయి పిల్లలు కవలలు ఇద్దరు, ఇంకా నిక్కరు నిలవని రెండున్నరేళ్ల బుడ్డది. ఫ్యాను కింద చాపేసుకున్న నానమ్మను లెక్కలోకి తీసుకోకూడదు. ఆవిడ నిద్రపోవడం లేదు, నడుం వాల్చిందంతే. గురక సంగతి మనం ఎత్తకూడదు.

ముందుగా మామిడి పిందెల వ్యవహారం. పెరట్లో చెట్టున్న ఇళ్లలో ఈ రోజుల్లో చిన్న గాలికి కూడా నాలుగు పిందెలు రాలతాయి. పచ్చిమామిడి తింటే గొంతు పట్టేస్తుందన్నది వాళ్లమ్మ శాసనం. ఆ శాసనాన్ని అందరికీ అప్పజెప్పేదీ ఈవిడే, కాయను అరుగు మీద పెట్టి రాయితో చితక్కొట్టేదీ ఈవిడే. కత్తిపీట ముట్టకూడదు మరి! నోటుబుక్కు కాగితంలో ఉప్పూ కారం వస్తాయి. పెద్ద ముక్క బుడ్డదానికే అని అందరూ వినేలా ప్రకటించి, దాని నోటిదాకా తీసుకెళ్లి, "అమ్మో పులుపు, నీకు పడదమ్మా" అని వెనక్కి తీసుకుంటుంది. మిగిలిన గట్టి ముక్కకు తమ్ముడి చొక్కా అంచు చుట్టి పటుక్కున కొరికి పంచుతుంది. కాకిఎంగిలి కాబట్టి దోషం లేదు. చొక్కాకైన మరక సంగతి సాయంత్రం చూసుకోవచ్చు.

తర్వాత ఆటలు. బయట ఎండ, వీధి గడప దాటనివ్వరు, కాబట్టి దాగుడుమూతలు ఇంట్లోనే. ఒక మంచం, రెండు తలుపులు, ఒక బియ్యం డబ్బా. దాక్కోవడానికి అంతకన్నా చోటు లేని ఇంట్లో నలుగురు గంటసేపు ఎలా దాక్కుంటారో నాకెప్పుడూ అంతుపట్టలేదు. పంటలు వేయించేది ఆవిడే. ఎలా వేయించినా చివరికి దొంగయ్యేది తమ్ముడే. ఇందులో మోసమేమీ లేదు, వాడి చెయ్యి అలా పడుతుంది! బుడ్డది ఆటలో అరటిపండు. దొరికినా అవుట్ లేదు. తలుపుచాటు నుంచి తనే బయటికొచ్చి "నేనిక్కల ఉన్నా" అని చెప్పినా నేరం లేదు. పక్కనున్నవాళ్లను పట్టించినా శిక్ష లేదు. పెద్దల రాజకీయాల్లో ఇంతటి రక్షణ అందరికీ దొరకదు.

అలిసిపోతే అష్టాచెమ్మా. గచ్చు మీద సుద్దముక్కతో 25 గళ్లు. గవ్వలు కనపడకపోతే చింతపిక్కల్ని ఒకవైపు తెల్లబడేదాకా గరుకు రాతికి అరగదీస్తారు. నాలుగు పిక్కలూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. అన్నీ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఆట ఇంతే, తగవు మాత్రం అనంతం. ఒక పిక్క దొర్లి మంచం కిందికి పోయిందనుకోండి. తమ్ముడు బోర్లా పడుకుని చూసి తెల్లగానే ఉందంటాడు. ఆవిడ నిలబడే, చూడకుండానే "తూచ్!" అంటుంది. అదే తుది తీర్పు. అప్పీలుకు వెళ్తే నానమ్మ లేవాలి. లేస్తే అందరికీ కలిపి వడ్డిస్తుంది.

తీర్పును ధిక్కరించినవాడికి గోడకుర్చీ. అప్పటికీ లొంగకపోతే కచ్చి. అంటే వాడితో ఎవరూ మాట్లాడకూడదు. ఆ కట్టుబాటు ఆ పిల్లాడు ఫ్రిజ్ తలుపు తీసి చల్లటి నీళ్ల సీసా పట్టుకునేదాకా నడుస్తుంది.

ఈ పెత్తనం ఆవిడకు ఎవరిచ్చారని అడిగితే అమ్మలంతా తమకేం తెలియదంటారు. నేను నమ్మను. భోజనాలయ్యాక గదిలో దిండు మీద తల ఆన్చి, కళ్లు మూసుకునే, "పిల్లల్ని చూస్తున్నావా?" అని ఒక కేక వేస్తారు చూశారూ, అదే నియామక పత్రం. జీతం ఆ కేక వెనకాలే వచ్చే "మా బంగారమే". ఆ రెండు మాటల ఖర్చుతో ఇంటిల్లిపాదీ రెండు గంటలు కునుకు తీస్తుంది. ఇంత చవకగా కాపలా ఏ దేశంలో దొరుకుతుంది?

నాలుగింటికి టీ నీళ్ల చప్పుడుతో పెద్దలు లేస్తారు. గచ్చు నిండా సుద్ద, అరుగంతా కారం, చొక్కాకు జీడిమరక, గుబురుగా విరిసిన కనకాంబరాల కుండీలో ఒక చింతపిక్క నాటి ఉంటుంది. విచారణకు నిలబెట్టేది ఒక్కరినే. "పెద్దదానివి, నీకైనా బుద్ధుండక్కర్లేదూ?" ఎనిమిదేళ్ల మనిషి అప్పుడు ముప్పయ్యేళ్లదైపోతుంది. అదే పిల్ల పొద్దున్న పక్కవీధి కొట్టుకు ఒక్కతే వెళ్తానంటే, "చిన్నపిల్లవి, నీకేం తెలుసు?" అన్నారు. ఆవిడ వయసు ఇంట్లో అవసరాన్నిబట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది. మనలో చాలామంది మీద కూడా ఇలాంటి లెక్కే నడిచింది గాని, మనం ఆవిడంత హుందాగా మోశామని చెప్పలేను. ఆవిడ రెండు చుక్కలు కన్నీళ్లు పెట్టుకుని, చున్నీతో తుడుచుకుని, అయిదు నిమిషాల్లో తమ్ముడికి పాలగ్లాసు అందిస్తూ, "మీసాలు చేసుకోకుండా తాగు" అంటుంది.

ఇంతటి సామ్రాజ్యానికీ ఒక గండముంది. ఉగాదికి హైదరాబాదు నుంచి మేనత్త దిగుతుంది. వెంట ఆవిడ కూతురు. పదేళ్లు, అయిదో తరగతి, చేతికి గడియారం. మనావిడకు వరసకు వదిన. సంచీ కింద పెట్టకముందే మనావిడ తాళంచెవి సర్దుకుంటూ ఎదురెళ్లి ఫిర్యాదు చేస్తుంది:

"వీళ్లసలు మాట వినరు వదినా!"

వదిన ఆవిణ్ణి చున్నీ నుంచి చెప్పుల దాకా ఒకసారి చూసి, "సరే, నేను చూసుకుంటాగా. ముందు నువ్వెళ్లి ఆ కవలల పక్కన లైన్లో నుంచో" అంటుంది.