మా ఫ్యాను నోరు మూసింది

మొగుడూ పెళ్ళాలు నలుగురున్న ఇంట్లో గుట్టుగా మాట్లాడుకోవడానికి ఇంజనీర్లు చేసిపెట్టిన ఏర్పాటే సీలింగ్ ఫ్యానని నా నమ్మకం. గాలి ఇవ్వడం దానికి పార్ట్‌టైమ్ పని. ఈ సంగతి చప్పుడు చెయ్యని ఫ్యాను కొన్నాక గానీ తెలిసిరాదు.

విజయవాడ ఎండల గురించి వేరే చెప్పక్కర్లేదు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మిక్సీలు వచ్చి రోళ్ళు పెరట్లోకి పోయాయి కనక ఇప్పుడు మనుషులం పగులుతున్నాం. అలాంటి ఊళ్ళో, మా పెళ్ళికి చదివింపుల్లో వచ్చిన ఫ్యాను మొన్నమొన్నటిదాకా పడకగదిలో తిరిగింది. దానిది పక్కవాద్యాలతో కచేరీ. మోటారు గుయ్‌మనేది. కప్పు వదులై టకటకలాడేది. పైన హుక్కు దగ్గర బుష్ అరిగిపోయి చుట్టుకోసారి కిర్రుమనేది. రెండులోనో మూడులోనో పెడితే గుయ్ ఇంకా పెరిగేది. ఆ పాపం ఫ్యానుది కాదు, గోడమీది ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ది. అది కరెంటుని అలకి ఇంత చొప్పున కోసి పంపుతుంది, ఆ ముక్కలు అరగక మోటారు మూలుగుతుంది. అంతకుముందు కాలంలో ఉండే పెద్ద డబ్బా రెగ్యులేటర్‌కి ఈ కోతలు తెలియవు. ఫ్యానుకి ఇవ్వని కరెంటుని వేడిగా మార్చి గదిలోకే వదిలేది. చల్లగాలి కోసం వేసిన స్విచ్చు వేడి పుట్టించడం ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచలేదు. అయిదులో పెడితే మూలుగు తగ్గి హోరు మొదలయ్యేది. మేం ఇన్నేళ్ళూ అయిదులోనే కాపురం చేశాం.

కొత్తది కొనడానికి వెళ్తే షాపు కుర్రాడు, "బీఎల్‌డీసీ తీసుకోండి సార్, బ్రష్‌లెస్. బ్రష్షులే ఉండవు" అన్నాడు. మా పాతదానికీ లేవు. మామూలు సీలింగ్ ఫ్యానులో ఉండే ఇండక్షన్ మోటారుకి బ్రష్షులు పుట్టుకతోనే ఉండవు. లేనిదాన్ని తీసేశామని చెప్పి డబ్బు తీసుకోవడంలో ఉన్న నేర్పుకి ముచ్చటేసింది. అసలు తేడా లోపలి అయస్కాంతాల్లో, వాటిని నడిపే బోర్డులో ఉంది. పాతది 75 వాట్లు తాగేది, ఇది 30తో సరిపెట్టుకుంటుంది. రోజుకి 15 గంటలు తిరిగినా నెలకి 20 యూనిట్లు మిగులు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కాబట్టి మా ఆవిడ చుక్కలు లెక్కపెట్టి, అయిదూ ఉన్నాయని తేలాక హాల్లోకి కూడా ఒకటి పట్టమంది.

ఆ రాత్రి ఫ్యాను తిరగడం మొదలుపెట్టగానే ఇల్లు మాట్లాడటం మొదలుపెట్టింది. ఫ్రిజ్ గురక పెడుతుందని తెలిసింది. బాత్రూమ్ కుళాయి కారుతోందని తెలిసింది. పై వాటా ఆయన అర్ధరాత్రి లేచి కుర్చీ జరుపుతాడని తెలిసింది, ఎందుకు జరుపుతాడో తెలియక నిద్ర పట్టలేదు. ఇవేవీ కొత్తగా పుట్టినవి కావు. ఇన్నేళ్ళూ ఆ గుయ్ వాటన్నిటినీ కప్పిపెట్టింది.

ఇదేమీ తెలియని మా ఆవిడ అలవాటు కొద్దీ మా చెల్లెలి సీమంతానికి పెట్టిన చీర ప్రస్తావన తెచ్చింది. ఆ చీర ఖరీదు, దానికి బదులుగా మాకు దక్కిన గౌరవం, మధ్యలో నా మెతకదనం, అన్నీ పాత వాల్యూమ్‌లోనే చర్చకి వచ్చాయి. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ మా అమ్మ, "ఆ చీర నేనే పెట్టమన్నాలేవే. వాణ్ణెందుకు అంటావు" అంది.

అప్పట్నుంచి మేం పక్కపక్కన పడుకుని వాట్సాప్‌లో పోట్లాడుకుంటున్నాం. నేను తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాను. నా స్పెల్లింగులకి ఆవిడ అపార్థాలు తీస్తుంది. ఒక్కోసారి అసలు తగువు పక్కకిపోయి స్పెల్లింగు మీద తెల్లారుతుంది.

వేసవికి మా మావయ్యగారు వచ్చారు. ఆర్టీసీ డిపో గ్యారేజీలో చేసి రిటైరైన మనిషి. బస్సు మలుపు తిరగకముందే చప్పుడుని బట్టి జబ్బు చెప్పే చెవులు ఆయనవి. హాల్లో మంచమేసుకుని పడుకుని, "అల్లుడూ, ఫ్యాను వేశావా?" అన్నారు.

"తిరుగుతోంది కదా మావయ్యగారూ."

"తిరుగుతోంది సరే. నడుస్తోందా అంట?"

ఆయనకి సమాధానం చెప్పడం నా వల్ల కాలేదు గానీ, ఈ నిశ్శబ్దంలో కూడా కొంత మోసముంది. నోరు మూసుకున్నది మోటారొక్కటే. 48 అంగుళాల ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరిగితే రెక్క కొస గంటకి దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బెంజి సర్కిల్ దగ్గర ఏ బండీ అందుకోలేని ఆ వేగం మన తలమీద ఉంది. ఆ ఊపున గాలిని కోస్తుంటే హోరు రాకుండా ఎలా ఉంటుంది? వేగం సగానికి తగ్గిస్తే హోరు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, కాకపోతే గాలీ సగమే వస్తుంది. పెట్టెమీద రాసిన నిశ్శబ్దం కావాలంటే చెమట పడుతూ వినాలి.

దీని పోషణ వేరే కథ. పాత ఫ్యానుకి కొత్త చప్పుడొకటి వస్తే, ఉన్నవాటి వెనక వరసలో నిలబడాల్సిందే. కొత్తదానికి ఒక్క 'టిక్' వచ్చినా ఇంటిల్లిపాదీ మేలుకుంటారు. మధ్యలో కొన్నాళ్ళు అలా టిక్కుమంది. టార్చి వేసి రెక్కల మరలు చూశాం, రాడ్డు పిన్ను చూశాం. ఎలక్ట్రీషియన్ వచ్చి ఏమీ విప్పకుండానే, "కప్పు స్లాబుకి తగులుతోంది సార్" అని దాన్ని వేలెడు కిందికి లాగి, రెండు వందలు తీసుకున్నాడు. లాగినందుకు కాదు, ఎక్కడ లాగాలో తెలిసినందుకు ఇచ్చాననుకున్నాను.

రెక్కలు తుడవడం నా డ్యూటీ. పాత దిండు గలేబు రెక్కకి తొడిగి, పైనించి నొక్కి లాగితే దుమ్మంతా సంచిలోకి పోతుంది, మంచంమీద రాలదు. గాలి విసిరే రెక్కకి ఇంత దుమ్ము ఎలా పడుతుందని మా అమ్మ ఏటా అడుగుతుంది. రెక్కని ఆనుకుని ఉండే పలచని గాలి పొర రెక్కతోపాటే కదులుతుంది, సన్నని నలుసు అందులో దిగితే ఎగిరిపోదు. ఎదురుగాలి తగిలే అంచుకే ఎక్కువ పేరుకుంటుంది. ఒక రెక్క తుడిచి రెండోది రేపు చూద్దామంటే కుదరదు, బరువు తేడా వచ్చి ఫ్యాను ఊగుతుంది. రెక్కని పట్టుకు వేలాడితే వంగుతుంది, అప్పుడూ ఊగుతుంది. ఈ సూచనలన్నీ స్టూలు పట్టుకోవాల్సిన మా ఆవిడ స్టూలు వదిలేసి, చెయ్యి చూపిస్తూ చెబుతుంది.

పాత ఫ్యాను మందగిస్తే వందలోపు కండెన్సర్ వేసి మళ్ళీ పరుగెత్తించేవాళ్ళం. దీని బోర్డు పోతే వీధి చివరి మెకానిక్ చెప్పులు వేసుకుని వెళ్ళిపోతాడు. దీనికి గోడమీది రెగ్యులేటర్ పనికిరాదు, రిమోటే గతి. గోడమీద ఉన్నన్నాళ్ళు ఫ్యాను ఇంటందరి ఆస్తి, రిమోట్ వచ్చాక అది ఎవరి దిండు కింద ఉంటే వాళ్ళ సొంతం. పైగా రెండు ఫ్యాన్లూ ఒకే రకం కాబట్టి, తలుపు తీసి ఉంటే మా గదిలో నొక్కిన బటన్‌కి హాల్లోది ఆగుతుంది. మావయ్యగారు కరెంటు పోయిందనుకుని విసనకర్ర తీస్తారు. చప్పుడు ఉండుంటే ఆగిందని మాకైనా తెలిసేది.

గుయ్ లేక ఆయనకి పది రోజులు నిద్ర లేదు. చివరికి మా అబ్బాయి తాతగారి బాధ చూడలేక ఫోన్‌లో ఒక వీడియో పెట్టి ఆయన తలగడ పక్కన ఉంచాడు. పది గంటలసేపు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది అందులో, గుయ్‌మని. పైన అయిదు చుక్కల ఫ్యాను నోరు మెదపకుండా తిరుగుతోంది, కింద ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని దాని తరఫున మోగుతోంది. ఆయన కళ్ళు మూసుకుని ఓ నిమిషం విన్నారు. హమ్మయ్య అని వాడు లైటు తీసేసి వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచారు.

"ఒరే మనవడా, దీనికి బేరింగ్ పోయిందిరా. ఇంకోటి పెట్టు."