బిట్టులో సిద్ధాంతం, బీరువాలో ట్యాబు

మన విద్యాశాఖలో చదువుకునేది పిల్లలనుకుంటే పొరపాటు. అసలు చదువంతా వస్తువులది. ట్యాబు బడికి వచ్చిన రోజే స్టాకు రిజిస్టరులో పేరెక్కుతుంది. దాన్ని పట్టుకుని పిల్లవాడు నవ్వుతుండగా ఫొటో తీస్తే పాసు. ఆ ఫొటో అప్‌లోడ్ అయితే ఫస్టు క్లాసు. ఆపైన బీరువాలోకి ప్రమోషను, బీరువాకు తాళం, తాళంచెవి హెచ్చెమ్ గారి దగ్గర. ఇంత తక్కువ కాలంలో, ఒక్క పరీక్షా తప్పకుండా చదువు ముగించిన విద్యార్థి బందరు డివిజనులో మరొకరు లేరు.

లెక్కలు కావాలా? ఉన్నాయి. మన దగ్గర లెక్కలకు ఎప్పుడూ కొరత లేదు, లెక్కల టీచర్లకే కొరత. 2022 జూన్ 16న రాష్ట్ర ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. మొత్తం 5,18,740. అందులో ఎనిమిదో తరగతి పిల్లలకు 4,59,564, టీచర్లకు 59,176. ఆ రోజు అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన అల్లూరి జిల్లా చింతపల్లిలో మరో 4,34,185 ట్యాబులకు ముహూర్తం పెట్టారు. పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారే రావడం విద్యారంగానికి తీరని లోటని అప్పుడే అర్థమైంది. ఇవి చాలవన్నట్టు ఆరో తరగతి నుంచి పై తరగతుల గదుల గోడలకు తొలి విడతలో 30,213 ఐఎఫ్‌పీలు అనే తాకుతెర ఫలకాలు, ప్రాథమిక బడులకు 10,038 స్మార్ట్ టీవీలు. ఇక 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. లెక్కలు నేర్పిస్తానని వచ్చిన కంపెనీ లెక్కల్లోనే తప్పింది. సప్లిమెంటరీ ఎప్పుడో కోర్టులు చెప్పాలి.

సరే, ఇవన్నీ గూడూరు మండలానికి వచ్చాయి. మల్లవోలు అనుకోండి, తరకటూరు అనుకోండి, ఆకులమన్నాడు అనుకోండి. ఏ ఒక్క బడినీ వేలెత్తి చూపడం లేదు. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది ఏ మండలంలో ఊహించుకున్నా ఇలాగే ఉంటుంది.

ఐఎఫ్‌పీ మీద ట్రైనింగు. వచ్చిన రిసోర్స్ పర్సన్‌ది చాలా మంచి మనసు. దీన్ని ఆన్ చేయడం ఎలాగో చూపించారు. ఆఫ్ చేయడం ఎలాగో చూపించారు. గుడ్డతో ఎలా తుడవాలో, తడిగుడ్డతో ఎందుకు తుడవకూడదో వివరంగా చెప్పారు. వెనక బెంచీలోంచి ఒక లెక్కల మాస్టారు లేచి, "అంతా బాగుందండీ. భిన్నాలు బొత్తిగా రానివాడికి దీంతో భిన్నాలు ఎలా చెప్పాలో కూడా చూపిస్తే..." అన్నారు. "మంచి ప్రశ్న వేశారు మాస్టారూ! టీ తాగొచ్చి చూద్దాం" అన్నారు ఆయన. టీ తర్వాత గ్రూపు ఫొటో. ఫొటో తర్వాత హాజరు. హాజరు తర్వాత ఫీడ్‌బ్యాక్ ఫారం. ఫారం నింపబోతే ఊరి పేరు అడిగింది. నెల్లూరు వైపు గూడూరా, కర్నూలు జిల్లా గూడూరా, తెలంగాణలో మహబూబాబాద్ గూడూరా? పెడన పక్కనున్న మన గూడూరు దొరికేసరికి భోజనాల వేళైంది. భిన్నాలు మాత్రం ఇంకా టీ తాగుతూనే ఉన్నాయి.

ఇక్కడ మీరు, "మరి ఆ మాస్టారికి బోధనా సిద్ధాంతాలు తెలియవా?" అని అడగొచ్చు. తెలియకపోవడమేమిటి! ఆయన డీఎస్సీ రాసొచ్చిన మనిషి. పియాజే దశలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. వైగోట్‌స్కీది సామీప్య వికాస మండలం, బ్రూనర్‌ది అన్వేషణ, స్కిన్నర్‌ది పునర్బలనం, థార్న్‌డైక్‌ది పిల్లి. మన రాష్ట్రంలో వైగోట్‌స్కీ ఒక మనిషి కాడు, ఆప్షన్ 'సి'. అవనిగడ్డ కోచింగ్ సెంటర్లలో ఆయన్ని బట్టీ పట్టినంత శ్రద్ధగా మాస్కోలో కూడా పట్టి ఉండరు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు లక్షల మంది ఈ బిట్లు దిద్దారు. ఉద్యోగం వచ్చాక మండలమంటే ఎంఈఓ ఆఫీసు, వికాసమంటే ఇంక్రిమెంటు, సామీప్యమంటే బదిలీ కౌన్సెలింగులో ఇంటికి దగ్గర బడి. తప్పు మాస్టారిది కాదు. పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది, పక్కన ఒకరుంటే చేయగలిగేది ఏదో కనిపెట్టి, అక్కడ చెయ్యి అందించమన్నాడు వైగోట్‌స్కీ. మనం ఆ మాటను అరమార్కుకు అమ్ముకున్నాం.

ఇదీ పరిస్థితి. సిద్ధాంతం బిట్ బ్యాంకులో ఉంటుంది. సాంకేతికత బీరువాలో ఉంటుంది. తరగతి గది నలభై అయిదు నిమిషాల పీరియడులో ఉంటుంది. ఈ మూడింటికీ ఒకదానికొకటి పరిచయం లేదు. పరిచయం చేయగలిగిన ఒక్క మనిషి మాస్టారు. ఆయన ఆ టైములో గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని అని యాప్‌లో ఎక్కిస్తూ ఉంటాడు. 2022 ఆగస్టు నుంచి ఉదయాన్నే సెల్‌ఫోనుకు తన ముఖం కూడా చూపించాలి. మొన్నమొన్నటిదాకా మరుగుదొడ్డి ముఖం కూడా చూపించాల్సి వచ్చేది. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫొటోల నుంచి విముక్తి దొరికింది. యాప్‌లన్నీ కలిపి లీప్ అనే ఒక్క యాప్ చేశారు. పది గుమ్మాల ముందు నిలబడే మనిషిని ఒక్క గుమ్మం ముందే నిలబెట్టడం ఉపశమనమే, కాదనను. కానీ నిలబడటం మాత్రం తప్పలేదు.

ఇదేదో ఇవాళ్టి రోగం అనుకోకండి. మనకు పాత అలవాటే. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ఉపగ్రహ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు ఆకాశం నుంచి దిగాయి. అందులో మన రాష్ట్రమూ ఉంది. ఏడాది తిరగ్గానే అమెరికావాళ్లు తమ ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది. ఆ సైన్సు కిట్లూ గణిత కిట్లూ ఎన్నో బడుల్లో పెట్టె విప్పకుండానే వయోవృద్ధులయ్యాయి. విప్పితే పగులుతాయి, పగిలితే రికవరీ! అప్పటి కిట్టుకీ ఇప్పటి ట్యాబుకీ తేడా ఒక్కటే. కిట్టుకు చార్జింగు పెట్టక్కర్లేదు.

నిజానికి ఒక్కసారి మాత్రం సిద్ధాంతం బిట్లు దాటి బడి దాకా నడిచి వచ్చింది. బ్రిటన్ సాయంతో ఎనభైల్లో మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా పాకిన ప్రాథమిక విద్యా పథకం, మన మాస్టార్ల నోట్లో 'ఏపీపెప్'. దానికి ఆరు సూత్రాలు. కృత్యాలు టీచరే తయారు చేయాలి. పిల్లలు చేసి నేర్చుకోవాలి. ఒక్కొక్కరుగా, జట్లుగా, తరగతిగా పనిచేయాలి. ఒక్కో పిల్లవాడి తేడాను గుర్తించాలి. ఊళ్లో ఉన్నదాన్ని వాడుకోవాలి. పిల్లలు చేసినవి గోడకు పెట్టాలి. బంగారం లాంటి సూత్రాలు. మనవాళ్లు వాటిలో ఫొటోకు కనబడేవి రెండు ఏరుకున్నారు. ఒకటి, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టడం. రెండోది, గోడకు తాడు కట్టి కాగితాలు వేలాడదీయడం. ఇన్‌స్పెక్షన్ రోజున గుండ్రం, మర్నాడు వరసలు. ఆ ముప్ఫై అయిదేళ్ల కిందటి ఆరు సూత్రాల్లో ఒక్కదానికైనా కరెంటు అవసరం లేదన్న సంగతి గమనించారా?

ప్రపంచం మాత్రం తక్కువ తిందా? సినిమా వచ్చింది కనుక బడుల్లో పుస్తకాలకు కాలం చెల్లిందని 1913లోనే ఎడిసన్ జోస్యం చెప్పాడు. ఆ జోస్యాన్ని మనం ఇప్పటికీ పుస్తకాల్లోనే చదువుకుంటున్నాం. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే అమెరికా పండితుడు ఈ యంత్రాల పరిశోధనలన్నీ తిరగేసి ఒక మాట తేల్చాడు. సరుకులు తెచ్చిన లారీ వల్ల మన ఒంటికి బలం రాదు, లారీలో ఉన్న తిండి వల్ల వస్తుంది. పాఠాన్ని మోసే యంత్రం సంగతీ అంతేనన్నాడు. ఈ మాట మీద పండితులు నేటికీ కొట్టుకుంటున్నారు. మనం ఆ గొడవలోకి దిగలేదు. లారీకి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, పక్కన నిలబడి ఫొటో దిగాం. 2006లో మన పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే మరో ఇద్దరు మిషిగన్ పండితులు, విషయం తెలియడం, చెప్పే తీరు తెలియడం, పరికరం తెలియడం వేరువేరుగా ఉంటే లాభం లేదు, మూడూ ఒకే బుర్రలో కలవాలి అన్నారు. దానికి టీప్యాక్ అని పేరు. మనకు అందులో ప్యాకింగు ఒక్కటే వచ్చింది.

మూడూ కలిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మిషిగన్ దాకా వెళ్లక్కర్లేదు. గూడూరు నుంచి కలంకారీ అద్దే పెడన ఎంత దూరం? ఏడో తరగతిలో సౌష్ఠవం పాఠం ఉంది. ట్యాబులో అయితే సీతాకోకచిలుక వస్తుంది, రెక్కలు విప్పుతుంది, మధ్యలో గీత పడుతుంది, సంగీతం వస్తుంది, పాఠం అయిపోతుంది. ఇప్పుడు ఇలా ఊహించండి. నాన్న కలంకారీ పనిచేసే పిల్ల ఒకతె ఇంట్లోంచి పాత టేకు అచ్చు ఒకటి పట్టుకొస్తుంది. మాస్టారు దాన్ని ఫోనుతో ఫొటో తీసి ఐఎఫ్‌పీ మీద పెడతారు. గుడ్డ మీద పడినప్పుడు ఈ నెమలి ఏ వైపు చూస్తుందో ముందే కాగితం మీద గీయమంటారు. చెక్కలో నెమలి ఎడమకు చూస్తోంది కదా, సగం మంది ఎడమకే గీస్తారు. అచ్చుకు రంగు అద్ది కాగితం మీద కొడితే నెమలి కుడికి తిరుగుతుంది. "ఇదేంటండీ తిరిగిపోయింది!" అని ఒకడు, "అచ్చు అంతేరా, మా నాన్న తిప్పే చెక్కుతాడు" అని ఆ పిల్ల. అప్పుడు ఫలకం మీద ఆ ఫొటోను వేలితో తిప్పి, పక్కపక్కన పెట్టి, మధ్యలో గీత గీయమంటే ఆ గీత ఎందుకు గీస్తున్నారో పిల్లలకు తెలుసు. ఫొటోను అలా తిప్పడం, పక్కన పెట్టడం నల్లబల్ల చేయలేని పని. ఐఎఫ్‌పీ అక్కడ పనికొచ్చింది. ముందు ఊహించి గీయమనడం సిద్ధాంతం. అచ్చు ఊరిది. ఈ మూడింటినీ కలిపింది ఏ కంపెనీ కంటెంటూ కాదు, మాస్టారు.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడే పుస్తకం పక్కన పనిముట్టు పెట్టారు. వార్ధాలో గాంధీగారు నయీ తాలీమ్ అనడానికి పాతికేళ్లకు పైగా ముందు మాట. ఆ బందరు మన గూడూరుకు బస్సెక్కి కునుకు తీసేలోపు వచ్చేస్తుంది.

యంత్రాలు దండగ అని నేను అనడం లేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో పిల్లలు స్పష్టంగా ముందుకెళ్లారు. కారణం యంత్రం తళుకు కాదు. ఏడో తరగతి పిల్లవాడి లెక్క మూడో తరగతి దగ్గర ఆగిపోయి ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్ మూడో తరగతి దగ్గరికే దిగి వాడితో మొదలుపెట్టింది. పక్కన చిన్న జట్లకు చెప్పే మనిషి కూడా ఉన్నాడు. చూశారా, వైగోట్‌స్కీ బిట్టు అక్కడ పనిచేసింది. మన దగ్గర బీరువా తప్పించుకున్న ట్యాబుల్లో ఎనిమిదో తరగతి వాడికి ఎనిమిదో తరగతి వీడియో నింపి ఇచ్చాం. వాడికి నాలుగో తరగతి భాగహారం రాదు. వీడియో మాత్రం హెచ్‌డీలో ఉంది. వాడు దాన్ని పక్కకు నెట్టి, ట్యాబుకు వేసిన సాఫ్ట్‌వేర్ తాళం విప్పుకుని, గేము ఆడుకున్నాడు. నిజానికి వాడు తన స్థాయికి తగ్గ కృత్యాన్ని స్వయంగా వెతుక్కున్నాడు. బ్రూనర్ ఉంటే మెచ్చుకునేవాడు.

కాబట్టి విన్నపాలు రెండు. పరికరం కొనే ముందు దాంతో చెప్పబోయే నాలుగు పాఠాలు అంగలూరు డైట్ శిక్షణ సంస్థలో టీచర్ల చేతే తయారు చేయించి, గూడూరు లాంటి మండలంలో ఒక ఏడాది చెప్పించి చూడండి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో సర్క్యులర్లు చదవడం మానేసి, ఒక మాస్టారు పాఠం చెబుతుంటే మిగతావాళ్లు వెనక కూర్చుని చూసే ఏర్పాటు చేయండి. రెంటికీ టెండర్లు అక్కర్లేదు. కుదరకపోవడానికి అదే కారణమని నాకూ తెలుసు.

అదీ కుదరదంటే కడపటి ఉపాయం ఒకటుంది. వచ్చే విడత ట్యాబులకే డీఎస్సీ పెట్టేయండి. వైగోట్‌స్కీ బిట్టుకు అవి ఎలాగూ సరైన జవాబే గుర్తిస్తాయి. మెరిట్ లిస్టు తీసి నేరుగా తరగతి గదుల్లో పోస్టింగులు ఇచ్చేయండి. మాస్టార్లను పూర్తిగా యాప్‌లకు కేటాయించండి. దీనికి కొత్తగా జీవో కూడా అక్కర్లేదు. ఇప్పుడు వాళ్లు చేస్తున్న ఉద్యోగం అదే.