మాకు అంటే లేదని

నా మొదటి రెండు పేజీల నిండా పాల లెక్క. పొద్దున లీటరున్నర, సాయంత్రం లీటరు, ఆ పక్కన డెయిరీ కట్టిన డబ్బులు. మూడో పేజీ సగంలో లెక్క ఆగిపోయింది. ఎనుమును అమ్మేశారు. ఆ డబ్బుకు కొంత అప్పు చేర్చి ఏజెంటు చేతిలో పోశారు. నాలుగో పేజీ నుంచి నా బతుకు అరబ్బీలోకి తిరిగింది.

నేను అరచేతంత నోటుపుస్తకాన్ని. రాజంపేట బస్టాండు పక్క కొట్లో పది రూపాయలు నా ఖరీదు. 2017 వేసవిలో చెన్నైలో విమానమెక్కి కువైట్ చేరాను. అదే సంచిలో నిమ్మకాయ ఊరగాయ డబ్బా, ఇంకో పుస్తకం ఉన్నాయి. అది అచ్చుపుస్తకం. ముప్పై రోజుల్లో అరబ్బీ నేర్పుతానని అట్ట మీదే చెప్పుకునేది. దాని ముందు నేను నోరెత్తేదాన్ని కాదు. "నేను విహారయాత్రకు వచ్చాను", "నాకు మంచి హోటలు చూపించండి", "నేను సముద్రతీరం చూడాలి" – అన్నీ అలాంటి వాక్యాలే దాంట్లో. నన్ను మోసుకొచ్చిన మా మనిషి వచ్చింది ఖాదిం వీసా మీద, ఇంటిపనికి.

మొదటి రోజు పొద్దున్నే ఇంటావిడ వంటింట్లో నిలబడి "యీబి దియాయ్" అంది. మా మనిషి పరుగున పోయి అచ్చుపుస్తకం తిరగేసింది. ఎక్కడా లేదు. ఆవిడే ఫ్రిజ్ తలుపు తీసి కోడిని బల్లమీద పెట్టింది. తీసుకురా కోడిని అన్నదన్నమాట. పుస్తకంలో కోడి దజాజ్. కువైట్ వాళ్ల నోట్లో జ చాలాచోట్ల య అయిపోతుంది. మసీదు మస్యిద్, మగమనిషి రయ్యాల్. కొన్ని మాటల్లో క కాస్తా చ అవుతుంది. కుక్క కల్బ్ కాదు, చల్బ్. రేపు అనడానికి పుస్తకం గదన్ అని నేర్పితే ఈ ఇంట్లో బాచిర్ అన్నారు. వారం తిరక్కుండానే అచ్చుపుస్తకం మంచం కోడు కిందికి పోయింది, మంచం ఊగకుండా. నేను ఆమె జాకెట్లోకి చేరాను.

వినబడింది వినబడినట్టు రాసేది. గొంతు లోపల నొక్కి పలికే అ ఒకటుంది, దాని నెత్తిన చుక్క పెట్టింది. ఊపిరి గీరుకుంటూ వచ్చే హ ఒకటుంది, దానికి బళ్లో నేర్చుకున్న విసర్గ గుర్తొచ్చింది. ఉప్పు మిల్ః. పో అంటే రూః. ఐదో తరగతి తర్వాత దుఃఖం రాయడానికి తప్ప అక్కరకు రాని ఆ రెండు సున్నాలకు పరదేశంలో మళ్లీ పని దొరికింది.

ఇంటావిడను మామా అనాలి, ఇంటాయనను బాబా అనాలి. మొదట్లో మామా అని పిలిచినప్పుడల్లా మేనమామ మీసాలు గుర్తొచ్చి ఆమెకు నవ్వు ఆగేది కాదు. మామా ఆమెను "ఇంతి" అనేది. ఆడమనిషితో అనే నువ్వు అది, అంతే. మన భాషలో ఇంతి అంటే ఎంత మర్యాద! ఆనాటి నుంచి నేనూ మా మనిషిని ఇంతి అనే అనుకుంటున్నాను. ఇంకో జత మాటలున్నాయి. ఉంది అంటే అకు, లేదు అంటే మాకు. ఆకు అని రాసి, దీర్ఘం కొట్టేసి అకు అని దిద్దింది. మాకు దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. మాకు కావాలి అని మనం చెయ్యి చాచే మాటకు ఇక్కడ అర్థం లేదు అని.

అంకెలు ఇంకో తంటా. వీధి చివర జమ్ఇయా, అంటే పేటవాళ్లు సభ్యులుగా నడుపుకునే సహకార దుకాణం. మామా చీటీ రాసి పంపింది. సరుకుల పేర్లు ఇంట్లోనే నోటితో చెప్పింది కానీ పక్కనున్న అంకెలే తెలియవు. వాళ్ల ఐదు అచ్చం మన సున్నాలా ఉంటుంది. వాళ్ల సున్నా ఒట్టి చుక్క. ఆరేమో మన ఏడులా వంగి ఉంటుంది. మజ్జిగ ఐదు అని రాస్తే సున్నా అనుకుని ఇంతి ఒక్కటీ తేలేదు. ఉల్లిపాయలు ఆరు కిలోలంటే ఏడు మోసుకొచ్చింది. ఆ రాత్రి నా పేజీలో రెండు వరుసలు రాసుకుంది, ఎడమన మనవి, కుడిన వాళ్లవి. ఇంటి డ్రైవరు చూసి నవ్వాడు. "వాళ్లు వీటిని ఏమంటారో తెల్సునా చెల్లే? హిందీ అంకెలు అంటారు. మన దేశం నుంచి వచ్చినవంట."

డ్రైవరన్నది రాయచోటి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాడు. ఇరవై ఏళ్లుగా కువైట్‌లో ఉన్నాడు. కారు కడుగుతూ ఇంతికి పాఠం చెప్పేవాడు. "కుర్చీ, దుకాణం, జవాబు, తారీఖు, బాకీ, కబురు, వకీలు. ఇవన్నీ అరబ్బీవే. ఉర్దూతో పాటు మన కచేరీల్లోకొచ్చి మన నోళ్లలో పడినాయి. బడిలో హాజరు అంటివి కదా? ఇక్కడ మామా పిలిస్తే హాదిర్ అను. అదే మాట. పుట్టినప్పట్నించి అరబ్బీ మాట్లాడతాండావు, నీకే తెల్దు." ఆ పేజీ నాలో అన్నిటికంటే తొందరగా నిండింది.

ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉంది. మామా అత్తగారిని ఇంట్లో అందరూ యుమ్మా అనేవాళ్లు. ఆ ముసలామె ఫ్యానును బంకా అనేది, మన పంకాయే. ప లేని భాష కదా. చెప్పులు జూతి, డబ్బు బేజాత్, అంటే పైసలు. తిన్నగా పో అనాలంటే సీదా. కువైట్ నావలు ఒకప్పుడు ఖర్జూరం వేసుకుని మలబారు రేవులకు పోయి కలప తెచ్చుకునేవి. 1961లో దినార్ వచ్చేదాకా అక్కడ నడిచింది రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమని వేరే రంగుల్లో నోట్లు అచ్చు వేయించింది కూడా. రూపాయికి పదహారు అణాలని యుమ్మాకు ఇంకా గుర్తే. ఇంతి చింతపండు పిసుకుతుంటే పక్కన కూర్చుని "తమర్ హిందీ" అనేది. హిందూదేశపు ఖర్జూరమట మన చింతపండు!

2018 ఆగస్టులో ఆ కుటుంబం పారిస్ పోయింది. పిల్లల్ని చూసుకోవడానికి ఇంతిని తీసుకెళ్లారు, ఇంతి జాకెట్లో నేను. మామా ఇంగ్లీషు దొరసాని ఇంగ్లీషు. ఒకరోజు రొట్టెల దుకాణంలోకి వెళ్లి నేరుగా నాకు ఆరు ఇవ్వండి అంది ఇంగ్లీషులో. కౌంటరు వెనకావిడ కదలకుండా "బోంజూర్ మదామ్" అంది. మామా గొంతు పెంచి మళ్లీ ఆరు అంది. ఆవిడ మళ్లీ బోంజూర్ అంది. వెనక పిల్లాణ్ని ఎత్తుకుని నిలబడ్డ ఇంతి ఇదంతా చూస్తోంది. ముందు వచ్చినవాళ్లందరూ ఆ మాట అన్నాకే వేలు చూపించారని గమనించింది. కువైట్‌లో బకాలా కొట్టుకు వెళ్లినా సలాం అలేకుం అన్నాకే కదా సరుకు అడిగేది. "బోంజూర్ మదామ్" అంది, ఆరు వేళ్లు చూపించింది. రొట్టెలొచ్చాయి. "మెర్సీ" అంది. ఏడాదిగా మాట తెలియకుండా బతికిన అనుభవం ఆ మూడు వారాలూ మామా చదువుకంటే ఎక్కువ పనికొచ్చింది. ఫ్రెంచి అంకెలు కూడా నాలో రాసుకుంది. ఎనభై అంటే నాలుగిరవైలు, తొంభై అంటే నాలుగిరవైల పది. "మా అవ్వ ఇట్లనే లెక్కపెడతా ఉండె" అని పిల్లలకు చెప్పి నవ్వింది.

ఆ రాత్రి హోటలు గదిలో మామా ఫోను చూసి ఫ్రెంచి వాక్యాలు వల్లె వేస్తుంటే నాకు మంచం కోడు కింద నలిగిన అచ్చుపుస్తకం గుర్తొచ్చింది. రెండూ ఒక్కటే వరస. నేను వెళ్లాలి, నాకు కావాలి, నేను చూడాలి. యాత్రకు వచ్చినవాళ్ల మాట నేనుతో మొదలవుతుంది. నాలోని మాటలు తరచి చూసుకున్నాను. తఆలీ, రా. యీబి, తే. హుత్తి, పెట్టు. నజ్జిఫి, తుడువు. మూడొందలకు పైగా మాటలున్నాయి, అన్నీ ఆమెతో ఎవరో అన్నవి. ఆమె తనంతట తాను అనవలసింది ఒక్కటీ లేదు. నాలో నేను లేదు.

తిరిగొచ్చాక ఇంతికి జ్వరం తగిలింది. ఒళ్లు కాలిపోతుంటే ఎలా చెప్పాలో తెలియక గోడకానుకుని నిలబడింది. యుమ్మా చూసి, చెయ్యి పట్టుకుని, ఇంతి గుండెమీద వేలితో తట్టి "ఆనా" అంది. "ఆనా మరీదా." నాకు ఒంట్లో బాగాలేదు. ఇంతి తన వేలితో తానే తట్టుకుని ఆ మాట పలికింది. ఆనా అంటే నేను. ఇంతి చెవికది అణాలాగే వినిపించింది, యుమ్మా లెక్క చెప్పే పదహారింట్లో ఒక వంతు. ముందు పేజీలన్నీ పనివే కాబట్టి నన్ను వెనక్కి తిప్పి చివరి పేజీలో రాసుకుంది. దాని కింద ఆనా తాబానా, అలిసిపోయాను. జవాజ్, పాస్‌పోర్టు. ఇజాజా, సెలవు. మాఆష్, జీతం.

పారిస్ ఖర్చు తర్వాత రెండు నెలలుగా జీతం రాలేదు. ఒక సాయంత్రం బాబా చాయ్ తాగుతుంటే ఇంతి ఎదురుగా నిలబడి, చివరి పేజీ మీద బొటనవేలు అదిమి "శహ్రేన్ మాఆష్ మాకు" అంది. రెండు నెలలుగా జీతం లేదు అని బాబా చెవికి వినిపించింది. మన చెవికి వినండి, రెండు నెలల జీతం, మాకు! ఒక నెలది మర్నాడు ఇచ్చాడు, రెండోది వారానికి. ఆ ఊపులోనే శుక్రవారం సెలవు అడిగింది. నెలకు రెండు దొరికాయి.

మొదటి శుక్రవారం, కువైట్‌లో మనవాళ్లు కలుసుకునే మాలియాకు వెళ్లాం. సగం రాజంపేట, సగం కోనసీమ అక్కడే ఉన్నట్టుంది. సంగతులన్నీ అక్కడే తెలిశాయి. 2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు రోజుకు పన్నెండు గంటలకు మించి పని చెప్పకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. చట్టం అకు, అది అడిగే నోరే చాలామందికి మాకు. ఆ రోజు నలుగురు ఆడవాళ్లు నా చివరి పేజీని తమ ఫోన్లలో ఫోటో తీసుకున్నారు.

ఇప్పుడు నేను రాజంపేటలో బీరువా పైఅరలో ఉంటున్నాను. వీసా కాగితం చేతికొచ్చిన ఆడబిడ్డలకు చెప్పేది ఒక్కటే. పది రూపాయలు పెట్టి నాలాంటిదాన్ని కొనుక్కోండి. తే, పెట్టు, తుడువు వాళ్లే నేర్పుతారు, వాటికి తొందర లేదు. ముందు చివరి పేజీ రాయండి. ఆనా. మరీదా. మాఆష్. ఇజాజా. జవాజ్. సఫారా, మన రాయబార కార్యాలయం. ఆపదలో పిలవాల్సిన నంబరు 112. లా, అంటే వద్దు. అవి నోటికొచ్చాకే విమానం ఎక్కండి.