ఏ రోటికాడ ఆ పాట

"ఒక్కసారి రాస్తే చాలు అంకుల్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లో నడుస్తుంది" అంటాడు ఇప్పటి కుర్రాడు. ఎందుకు నడవదు నాయనా? ప్రతి ప్రోగ్రాముతోనూ ఓ క్రోమియం బ్రౌజరును మూటగట్టి పంపితే నడవక ఏం చేస్తుంది! దాని పేరు ఎలక్ట్రాన్. 2013లో గిట్‌హబ్ వాళ్లు తమ ఆటమ్ ఎడిటర్ కోసం మొదలెట్టారు. ఆటమ్ 2022లో మూతపడింది, మూట మాత్రం మన నెత్తిన మిగిలింది. నోట్సు రాసుకునేదొకటి, కబుర్లాడుకునేదొకటి తెరిస్తే ర్యామ్‌లో రెండు బ్రౌజర్లు తిష్ట వేసినట్టే.

మా రోజుల్లో ఏ రోటికాడ ఆ పాట పాడేవాళ్లు. 1992లో ఎడిన్‌బరోలో జూలియన్ స్మార్ట్ మొదలెట్టిన టూల్‌కిట్టే తర్వాత డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్ అయింది. అది విండోస్‌లో విండోస్ బటన్‌నే, మ్యాక్‌లో మ్యాక్ బటన్‌నే తెచ్చి పెడుతుంది. ఆడాసిటీ ఎదిగింది దానిమీదే. వీఎల్‌సీ వాళ్లు మరీ పట్టింపు మనుషులు. వీడియో ఆడించే సరంజామా అన్నిచోట్లా ఒకటే, పైకి కనిపించేది మాత్రం విండోస్, లినక్స్‌లకి క్యూటీతో కట్టి, మ్యాక్‌కి విడిగా మ్యాక్ పద్ధతిలో రాశారు. రెండింతల చాకిరీ. అయినా చేశారు.

బటన్ ఎక్కడుంటే ఏమిటట అంటాడు వీడు. విండోస్‌లో ఓకే ముందు, క్యాన్సిల్ తర్వాత. మ్యాక్‌లో క్యాన్సిల్ ముందు, ఓకే కుడి చివర. రోజూ వాడేవాడు అక్షరాలు చదవడు, చెయ్యి దానంతటదే పోతుంది. కమాండ్-సి అలవాటైనవాడి చేత కంట్రోల్-సి నొక్కించడం ఏం న్యాయం? కిటికీ మూస్తే విండోస్‌లో ప్రోగ్రాము ముగియాలి, మ్యాక్‌లో మెనూ పైన బతికే ఉండాలి. ఇవన్నీ ఎవరైనా ఆ మెషిన్ ముందు కూర్చుని వాడిచూస్తేనే తెలుస్తాయి.

ఆ కూర్చునే మనిషే కరువు, అప్పుడూ ఇప్పుడూ. ఓపెన్‌సోర్స్‌లో జీతం లేకుండా కష్టపడేవాళ్లలో చాలామంది లినక్స్ వాళ్లు. ఇంక్‌స్కేప్ 2020లో 1.0 వచ్చేదాకా మ్యాక్‌లో ఎక్స్11 అనే మరో ప్రోగ్రాము ఆసరాతోనే బండి లాగింది. అది మా కాలం సరుకే, కాదనను.

తెలుగు దగ్గర మాత్రం నా సణుగుడు చెల్లదు. లిబ్రేఆఫీస్‌లో ఒత్తులూ గుణింతాలూ పేర్చే పని ఒకప్పుడు విండోస్‌లో ఒకటి, మ్యాక్‌లో ఇంకొకటి, లినక్స్‌లో వేరొకటి చేసేవి. ఇక్కడ టైప్ చేసిన పేజీ అక్కడ తెరిస్తే ఏ వరస ఎక్కడ విరుగుతుందో దేవుడికెరుక. 2017లో 5.3 వచ్చాక మూడింటికీ హార్ఫ్‌బజ్ ఒక్కటే. ఫాంటు అదే అయితే 'స్త్రీ' ఎక్కడైనా ఒకేలా కనిపించాలి, అది కావలసిన ఏకత్వం. క్రోమియంలోనూ ఆ హార్ఫ్‌బజ్జే ఉంది కాబట్టి, వీడి మూటలో కూడా తెలుగు తిన్నగానే ఉంటుంది.

ఆ పని చేసినవాళ్లకి దండం పెడతాను. నా కోపమల్లా ఓకే బటన్‌ని మూడుచోట్లా ఒకే మూలన అతికించి, "అదే మా డిజైన్ అంకుల్" అనేవాడి మీద.