మూడు లక్షల నలుపు

నలుపు నారాయణ మెచ్చు అని సామెత ఉంది. పెళ్లిచూపుల్లో మాత్రం నారాయణుడి మాట చెల్లదు. పిల్ల చామనఛాయ అని తెలియగానే "జాతకాలు కుదరలేదండీ" అని కబురు పంపే కుటుంబాలు వీధికి నాలుగుంటాయి. తన తమ్ముడి సంబంధాల విషయంలో అలాంటి కబుర్లు స్వహస్తాలతో పంపిన మా బావ, ఇప్పుడు నలుపు కోసం బెజవాడలో ఉన్న టీవీ షోరూములన్నీ తిరుగుతున్నాడు.

"నలుపంటే నలుపే ఉండాల్రా. పిసరంత బూడిద రంగు కలిసినా నేనొప్పుకోను" అంటాడు. అరవై అయిదు అంగుళాల నలుపు. ఖరీదు మూడు లక్షలకి అటూ ఇటూ.

బావ పట్టుదలకి కారణం లేకపోలేదు. మామూలు ఎల్‌ఈడీ టీవీలో తెర వెనకాల దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ముందున్న పొర ఆ వెలుగుని ఆపాలి, పూర్తిగా ఆపలేదు. అందుకే సినిమాలో అర్ధరాత్రి వచ్చినా ఆకాశం సుద్ద తుడిచిన పలకలా ఉంటుంది. బావ వెతుకుతున్న ఓఎల్‌ఈడీలో వెనక దీపమే ఉండదు. 4కె తెర మీదున్న 83 లక్షల పిక్సెళ్లూ దేనికది వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు దేనికది ఆరిపోతుంది. నలుపు చూపించడమంటే అక్కడ ఏ పనీ చెయ్యకపోవడమే. ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నందుకు ఇంత ధర పలికే పదవి చట్టసభల బయట నాకు తెలిసి ఇదొక్కటే.

ఈ నలుపుకి చరిత్ర ఉంది. 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దీనికి ప్రాణం పోశారు. కొడాక్ 2009లో ఆ వ్యాపారాన్ని ఎల్‌జీకి అమ్మేసి, 2012లో దివాలా పిటిషన్ వేసింది. సోనీ 2007లోనే మొట్టమొదటి ఓఎల్‌ఈడీ టీవీని అమ్మకానికి పెట్టింది. పదకొండు అంగుళాలు, రెండు లక్షల యెన్లు. ఇప్పుడు మన పిల్లలు హోంవర్కు చేసే ట్యాబ్ ఆ సైజులో ఉంటుంది.

అసలు కథ కొరియాలో. "ఓఎల్‌ఈడీ తెర మీద మచ్చలు పడతాయి, కొనకండి" అని 2017లో శామ్‌సంగ్ పనిగట్టుకుని ప్రచారం చేసింది. "మీది క్యూఎల్‌ఈడీ అని పేరే గానీ వెనకాల పాత దీపాలేగా" అని ఎల్‌జీ 2019లో అక్కడి ప్రభుత్వ సంస్థకి ఫిర్యాదు చేసింది. 2022 వచ్చేసరికి శామ్‌సంగ్ తనే ఓఎల్‌ఈడీ టీవీ తెచ్చింది. 2023లో 83 అంగుళాల టీవీ కోసం ప్యానెళ్లు ఎవరి దగ్గర కొన్నదో చెప్పుకోండి. ఎల్‌జీ డిస్‌ప్లే దగ్గర. ప్రెస్‌మీట్‌లో తిట్టిన నోటితోనే కండువా కప్పించుకోవడం మన నాయకుల సొంత విద్య అనుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాం. సోనీ వాళ్లు ఇంకా స్థితప్రజ్ఞులు. టీవీ ఓఎల్‌ఈడీ ప్యానెళ్లని ఇద్దరి దగ్గరా కొంటారు, ఇద్దరి కన్నా ఎక్కువకి అమ్ముతారు.

బావకి ఈ తగవులన్నీ కంఠతా వచ్చు. ఎల్‌జీ వాళ్ల ప్యానెల్ తెల్లటి వెలుగుకి రంగుల జల్లెడలు పెడుతుందనీ, శామ్‌సంగ్ వాళ్లది నీలం వెలుగుని క్వాంటమ్ చుక్కలతో ఎరుపు, ఆకుపచ్చలుగా మారుస్తుందనీ, అందుకే రెండో దాంట్లో రంగు చిక్కగా ఉంటుందనీ సంక్రాంతి భోజనాల దగ్గర ఆయన చెబుతుంటే మా పెద్దనాన్న గారెలు తినడం మానేసి విన్నారు. 77 అంగుళాల ప్యానెల్ మీద 4,240 కోట్ల సూక్ష్మ కటకాలు పరిచామని ఎల్‌జీ డిస్‌ప్లే 2023లో చాటింపు వేసినప్పుడు బావ ఆ అంకెని తన జీతం కన్నా బాగా గుర్తుపెట్టుకున్నాడు. 2025 మోడల్లో వాటిని పక్కన పెట్టి నాలుగు పొరల ప్యానెల్ తెచ్చారు. కోట్ల కటకాలకి రెండేళ్లకే కాలం చెల్లిపోయింది. బావకి అంకె మాత్రం ఇంకా గుర్తుంది.

ఆ 2025 ప్యానెల్‌తో వచ్చిన అంకె నాలుగు వేల నిట్స్. నిట్స్ అంటే వెలుగుకి కొలత. ఆ వెలుగు తెరలో అరచేతంత చోట, కాసేపు వస్తుంది. కొలిచి చూసినవాళ్లకి టీవీలో రెండు వేల పైచిలుకు కనబడుతుంది, అది నిజంగానే గొప్ప. తెర మొత్తం తెల్లబడితే మాత్రం కరెంటు బిల్లు చూసిన గృహస్థులా టీవీయే వెలుగు తగ్గించేసుకుని నాలుగు వందల లోపుకి దిగుతుంది. నాలుగు వేలు అన్నది ఎన్నికల మేనిఫెస్టో, నాలుగు వందలు అన్నది మన ఖాతాలో పడేది.

ఇక ఆ నలుపు వెళ్లి ఉండబోయే ఇల్లు చూద్దాం.

బావ వాళ్ల హాల్లో టీవీకి ఎదురు గోడ మీద ట్యూబ్‌లైటు ఉంది. దీపాల వేళకి వెలుగుతుంది, పడుకునేటప్పుడు ఆరుతుంది. చీకట్లో టీవీ చూస్తే కళ్లు పోతాయని అత్తయ్యగారి సిద్ధాంతం. దాన్ని ధిక్కరించే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, బావకి అసలు లేదు. కాబట్టి పిక్సెళ్లు ఎంత క్రమశిక్షణగా ఆరిపోయినా, వాటి మీద అడ్డంగా ట్యూబ్‌లైటు, పైన ఫ్యాను, కింద లుంగీలో బావ స్పష్టంగా కనిపిస్తారు. ప్రతిబింబాలు పోవడానికి శామ్‌సంగ్ 2024 నుంచి తన ఖరీదైన ఎస్95 వరసలో గరుకు పూత పూస్తోంది. ట్యూబ్‌లైటు ఆకారం పోతుంది, దాని వెలుగు తెరంతా పలచగా పరుచుకుంటుంది. పైగా ఆ రకం ప్యానెల్లో బయటి వెలుగుని మింగే పొర లేదు. గదిలో లైటు ఉంటే నలుపు కాస్త ఊదా కలిసిన బూడిదకి తిరుగుతుంది. బావ కుటుంబ భాషలో చామనఛాయ.

ఈ టీవీలో వాళ్లు చూడబోయేది ఏమిటంటే, కేబుల్. నెలవారీ ప్యాకేజీలో ఎస్‌డీ ఛానెళ్లు, ఎందుకంటే హెచ్‌డీకి ఇంకో వంద అడుగుతాడట, "వాడికెందుకు దోచిపెట్టాలి" అని బావ. ఎస్‌డీ బొమ్మలో చుక్కలు 720 అడ్డం, 576 నిలువు. గుణిస్తే నాలుగు లక్షల చిల్లర. టీవీలో ఉన్నవి 83 లక్షలు. భాగహారం చేస్తే సరిగ్గా ఇరవై. ఒక్క చుక్క సంపాదించి తెస్తే ఇరవై పిక్సెళ్లు కూర్చుని తినే ఉమ్మడి కుటుంబం అది. ఆ ఇరవై మందికీ పంచి పెట్టడంలో, పంచినట్టు తెలియకుండా సర్దడంలో సోనీ చెయ్యి మంచిదని నా అభిప్రాయం. సన్న సిగ్నల్‌ని, వంకర సిగ్నల్‌ని మనిషి మొహంలా కనిపించేట్టు చెయ్యడం వాళ్లకొచ్చినంత బాగా మిగతావాళ్లకి రాలేదు. మూడు లక్షలు పోసి కొన్న మెదడు చేత వంద రూపాయల లోటు పూడ్పించడం అన్నమాట.

ఓటీటీ సంగతి అడక్కండి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె రావాలంటే నెలకి 649 రూపాయల ప్లాను. బావ తీసుకున్నది 199ది, అందులో వచ్చేది 720పి. "డాల్బీ విజన్ లేని టీవీ నేను కొనను, శామ్‌సంగ్ వాడు ఇవ్వడు, అందుకే వాడు నాకొద్దు" అని షోరూములో సేల్స్ కుర్రాడి ముందు గర్జించాడు. నిజమే, శామ్‌సంగ్ ఇవ్వదు. బొమ్మలో వెలుగునీడలు సర్దే ఆ డాల్బీ విజన్‌కి పోటీ పద్ధతి హెచ్‌డీఆర్10 ప్లస్‌ని ఎల్‌జీ, సోనీ ఇవ్వవు. కానీ 199 ప్లానులో డాల్బీ విజన్ రాదన్న మాట చెబుదామని నోరు తెరిచిన నన్ను అక్క కళ్లతోనే ఆపేసింది.

మావయ్యగారు పొద్దున కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా న్యూస్ చూస్తారు. మన తెలుగు న్యూస్ ఛానెల్ తెర ఎలా ఉంటుందో మీకు తెలుసు. పైన ఎర్ర పట్టీ, కింద పసుపు పట్టీ, దాని కింద స్క్రోలింగు, మూలన లోగో, ఇంకో మూలన గడియారం, మిగిలిన సందులో నలుగురు మనుషులు. నలుగురూ మారతారు, పట్టీలు మారవు. ఓఎల్‌ఈడీలో వెలిగేది సేంద్రియ పదార్థం. ఎక్కువ వెలిగిన చోట తొందరగా అలిసిపోతుంది, అలిసిన చోట మచ్చ మిగులుతుంది. 2017లో శామ్‌సంగ్ భయపెట్టినంత ఘోరం ఇప్పుడు లేదు. వార్తలు, సినిమాలు, ఆటలు కలిపి చూసే ఇంట్లో ఏళ్లు గడిచినా ఏమీ కాకపోవచ్చు. మావయ్యగారు కలిపి చూడరు. కొన్నేళ్లకి 'సలార్' లాంటి బొగ్గుగని సినిమా పెట్టుకుంటే, ప్రభాస్ గుండెల మీద 'బ్రేకింగ్' అన్న అక్షరాలు లీలగా తేలే అవకాశం ఆ ఇంట్లో పుష్కలంగా ఉంది.

దీనికి కంపెనీలు మందు పెట్టాయి. ఎల్‌జీ టీవీ నాలుగు గంటలు ఆడాక, మనం రిమోట్‌తో ఆపేసినప్పుడు, లోపల నిశ్శబ్దంగా పిక్సెళ్లని సరిచూసుకుని సర్దుకుంటుంది. మిగతావాళ్లకీ అలాంటి ఏర్పాట్లే ఉన్నాయి. షరతు ఒక్కటే, ప్లగ్గులో కరెంటు ఉండాలి. అత్తయ్యగారు పడుకోబోయే ముందు చేసే పనులు మూడు: గ్యాస్ కట్టడం, తలుపు గడియ చూడడం, టీవీ స్విచ్చి గోడ దగ్గర ఆపడం. కొరియాలో ఇంజనీర్లు ఎన్నో ఏళ్లు కష్టపడి రాసిన వైద్యం ఆ టక్కుమనే చప్పుడుతో రోజూ ఆగిపోతుంది. ఆవిడ మీద కేసు పెట్టలేం. ఎర్ర లైటు వెలిగితే మీటరు తిరుగుతుందని ఆవిడకి మనమే చెప్పాం.

మేనల్లుడికి ఆటల గొడవ. పదో తరగతి. వాడు మా బావ కన్నా నిజాయితీపరుడు, కావాల్సింది సూటిగా చెబుతాడు: "నాన్నా, వన్‌ట్వంటీ హెర్ట్జ్, ఫోర్ పోర్ట్స్." వాడి లెక్క సరైనదే. ఓఎల్‌ఈడీ పిక్సెల్ రంగు మార్చడానికి మిల్లీసెకనులో చిన్న భాగం చాలు, ఆటకి ఇంతకన్నా మంచి తెర లేదు. కొత్త మోడళ్లు 165 హెర్ట్జ్ దాకా వెళ్లాయి గానీ వాడి దగ్గరున్న పీఎస్5 120 దాటి పంపలేదు. ఆ పైవన్నీ పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ల వాళ్లకి. ఎల్‌జీ, శామ్‌సంగ్ ఖరీదైన టీవీల్లో నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులూ పూర్తి వేగంతో పనిచేస్తాయి. రెండే ఇచ్చే కంపెనీ ఏది? ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ. ఆ రెంటిలో ఒకటి సౌండ్‌బార్ తగిలించే పోర్టు. అంటే పీఎస్5తో పాటు ఇంకో ఆట పెట్టె ఉన్న ఇంట్లో సౌండ్‌బార్ కూడా ఉంటే రోజూ పంచాయతీ పెట్టాలి. ఇంటి అల్లుడికి రెండో గారె వడ్డించని అత్తగారిని ఇక్కడే చూస్తున్నాను.

ఇంత వేగం ఉన్నా ఒక బాధ తీరదు. ఐపీఎల్ మ్యాచ్ ఓటీటీలో అర నిమిషం ఆలస్యంగా వస్తుంది. మూడు లక్షల టీవీలో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే పక్కింటి కేబుల్ వాళ్లు "అవుట్" అని అరుస్తారు.

ధర దగ్గరికి వద్దాం. 2025 సెప్టెంబరులో 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ప్రభుత్వం మిగిల్చిన ఆ డబ్బుతో బావ ఏం చేశాడంటే, 55 అంగుళాల ఆలోచనని 65 చేశాడు. మిగలడం పోయి ఇంకో యాభై వేలు తగిలింది. దానికి 'నో కాస్ట్ ఈఎంఐ'. సున్నా వడ్డీ అనేదే ఉండదు, అది వేరే పేరుతో వసూలు చేసే ఖర్చే అని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి తాఖీదు ఇచ్చింది. అప్పటి నుంచీ ఆ తాఖీదుకి పండగ సేల్ పోస్టర్ అతికించి ఉంది.

"ఇంతకీ ఏది కొనమంటావు?" అని చివరికి నన్నడిగాడు. అడిగేది సలహా కోసం కాదని తెలిసీ చెప్పాను. "మూడూ మంచివే బావా. షోరూములో పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది, ఇంట్లో ఒక్కటే ఉంటుంది. ఎల్‌జీలో పై వరస వద్దు, దాని కింది సీ వరస చూడు. అందులోనూ నిరుటి మోడల్, కొత్తది రాగానే ధర జారుతుంది. నాలుగు పోర్టులుంటాయి, డాల్బీ విజన్ ఉంటుంది, పిల్లాడూ నువ్వూ ఇద్దరూ ఊరుకుంటారు. కేబులే చూస్తామంటే సోనీ. ట్యూబ్‌లైటు తియ్యలేం, తెరలో దాని ఆకారం పోతే చాలంటే శామ్‌సంగ్. మావయ్యగారి న్యూసుకి పాత టీవీ లోపలి గదిలో పెట్టెయ్. మిగిలిన డబ్బుతో హెచ్‌డీ ప్యాకు, 649 ప్లాను, కిటికీలకి మందపాటి కర్టెన్లు."

"కర్టెన్లా?"

"పగలు వెలుగు ఆగితేనే కదా నువ్వు కొన్న నలుపు కనిపించేది. వస్త్రలత బట్టల మార్కెట్లో మంచి గుడ్డ దొరుకుతుంది. కుట్టు కూలితో కలిపి మూడు కిటికీలకీ ఆరు వేలు అవుతుందేమో."

బావ కాసేపు నన్ను పైకీ కిందికీ చూశాడు.

"గుడ్డపేలికలకి ఆరు వేలా? నీకు డబ్బు విలువ తెలీదురా" అన్నాడు.